పాతరలో నీళ్ళు నిలిస్తే

(రణస్థలంలో జూనియర్ కాలేజీ పిల్లలు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కలిసి పెట్టుకున్న సభలో ఒక రిటైర్డ్ జియాలజీ లెక్చరర్ మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల వినిపిస్తోందా అమ్మా? సరే. కుర్రాళ్ళు నన్ను పిలిచినప్పుడు మన పక్క కొవ్వాడ గురించి చెప్పండి మేష్టారూ అన్నారు, అక్కడ అణు కరెంటు ప్లాంటు వస్తే మంచిదా చెడ్డదా అని. దాని మీద మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, రెండు వైపులా ఉన్నారు. నేను ముప్ఫై ఏళ్ళు నూతుల్లోకి టేపు దించి నీటిమట్టం కొలుచుకున్న మనిషిని. నాకు తెలిసిన దారి నీళ్ళ దారి. అందుకని ఇవాళ ఒక పాత గొయ్యి కథ చెప్తాను, అది మన దేశంలోది కూడా కాదు, ఆస్ట్రేలియాలోది, కానీ మనం అందరం తెలుసుకోవాల్సిన కథ అని నా గట్టి నమ్మకం.

దానికంటే ముందు మా ఇంటి సంగతి ఒకటి. మాది చీపురుపల్లి అవతల పల్లెటూరు. మా తాతగారి రోజుల్లో చోళ్ళు, అంటే రాగులు, పాతరలో దాచేవారు, ఇక్కడ పెద్దవాళ్ళకి తెలుసు కదా, నిలువు గొయ్యి తీసి, లోపల గడ్డి పరిచి, చోళ్ళు పోసి, పైన గడ్డి వేసి మట్టితో మూసేసేవారు. పాతర ఎప్పుడూ గరువులోనే, అంటే మెరక నేలలోనే తియ్యాలి అనేవారు తాత. ఒక ఏడాది చోటు చాల్లేదని కల్లం పక్కన పల్లంలో, గట్టి బంకమట్టిలో ఒక పాతర తీశారట. బంకమట్టి కదా, నీరు లోపలికి దిగదు, ఇంకా మంచిదే అనుకున్నారు. వానాకాలం పోయాక మట్టి తీస్తే గప్పున కంపు కొట్టింది, చోళ్ళన్నీ నల్లగా ముద్దయిపోయి ఉన్నాయి, గొయ్యిలో మోకాలు లోతు నీళ్ళు. మా నానమ్మ ఆ మాట చెప్పినప్పుడల్లా "బంకమట్టి నీటిని రానీదురా, కానీ ఒచ్చిన నీటిని పోనీదు కూడా" అనేది. నేను తర్వాత కాలేజీలో భూగర్భజలాల పాఠం చెప్పినన్నాళ్ళూ ఈ ఒక్క మాట చుట్టూనే చెప్పాను అనుకోండి.

ఇప్పుడు ఆస్ట్రేలియా. సిడ్నీ ఊరికి నైరుతి దిక్కున సుమారు 30 కిలోమీటర్ల దూరంలో లూకస్ హైట్స్ అని ఉంది, అక్కడ వాళ్ళ అణు పరిశోధన కేంద్రం. 1958లో హైఫార్ అనే రియాక్టర్ మొదలైంది. రియాక్టర్, ల్యాబులు ఉన్నాక చెత్త వస్తుంది, వాడిన గ్లౌజులు, పగిలిన గాజు సామాన్లు, కాగితాలు, పనికిరాని పరికరాలు, డ్రమ్ముల్లో మడ్డి, ఇలాంటివి. దీన్నే తక్కువ స్థాయి రేడియోధార్మిక వ్యర్థం అంటారు. రియాక్టర్‌లోంచి తీసిన ఇంధనం లాంటి భయంకరమైనది కాదు ఇది, రెండిటినీ కలిపేసి మాట్లాడకూడదు. దీన్ని ఏం చెయ్యాలి? 1960 నుంచి 1968 దాకా దగ్గర్లోనే లిటిల్ ఫారెస్ట్ అనే చోట కందకాలు తీసి పాతిపెట్టారు. ఒక్కో కందకం దాదాపు 25 మీటర్ల పొడవు, 3 మీటర్ల లోతు, వెడల్పు మాత్రం 60 సెంటీమీటర్లే, అంటే మనం పైపులైను కోసం జేసీబీతో తీసే కాలవ లాగ అన్నమాట. అలాంటివి డెబ్భై పైచిలుకు. చెత్త వేశారు, పైన మీటరు మందాన మట్టి కప్పారు, గడ్డి మొలిచింది, అయిపోయింది.

కందకం గోడలకి సిమెంటు లేదు. అడుగున షీటు లేదు. అప్పట్లో ప్రపంచమంతా అలాగే చేసింది, అది గుర్తుపెట్టుకోవాలి, వాళ్ళు ఏదో దొంగతనంగా చేసిన పని కాదు. ఆ చోటు ఎందుకు ఎంచుకున్నారంటే అక్కడ బంకమట్టి ఉంది కాబట్టి. బంకమట్టి రేణువులు ప్లుటోనియం, సీజియం లాంటి రేడియోధార్మిక పదార్థాలని గట్టిగా పట్టుకుంటాయి, వదలవు. ఇది నిజమే, కెమిస్ట్రీ ప్రకారం తప్పు లేదు. మా తాత లెక్క కూడా ఇదే కదా.

మరి ఏమైంది? మా పాతరకి అయిందే అయింది.

కందకం చుట్టూ తవ్వని మట్టి గట్టిగా ఉంటుంది. కందకం లోపల వేసింది గుల్లగా ఉంటుంది, డ్రమ్ములు తుప్పుపట్టి కుంగుతాయి, అట్టలు కుళ్ళుతాయి, మధ్యలో ఖాళీలు, పైన కప్పిన మట్టి కూడా కొంచెం కిందకి దిగిపోతుంది. వాన పడితే నీళ్ళు ఆ గుల్ల లోపలికి సులువుగా దిగుతాయి. దిగినవి పక్కలకి వెళ్ళాలంటే బంకమట్టి ఒప్పుకోదు. అంచేత కందకం నిండుతుంది. ఇంకో పెద్ద వాన పడితే పైనుంచి పొంగి, గడ్డి మీద పారుతుంది. ఇంగ్లీషులో దీన్ని బాత్‌టబ్ ఎఫెక్ట్ అని పిలుస్తారు, మనకి బాత్‌టబ్బులు లేవు గానీ కుడితి తొట్టి ఉంది, తొట్టికి కన్నం లేకపోతే ఎటు పొంగుతుంది? అంచు మీద నుంచే కదా. భయపడ్డది కింద నుంచి భూగర్భజలంలోకి పోతుందేమో అని, ప్లుటోనియం లాంటివి పోయింది మాత్రం పైనుంచి. టిమోతీ పేన్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పాటు పనిచేసినవాళ్ళు 2013లో దీన్ని కొలతలతో సహా రాశారు. కందకం లోపల నీటిమట్టం వానతో పాటు ఎలా లేస్తోందో, ఎలా దిగుతోందో కొలిచారు, చుట్టూ పైమట్టిలో ప్లుటోనియం, అమెరీషియం కందకాల దగ్గర ఎక్కువ ఉండడం చూపించారు. చెత్త పాతేసిన దాదాపు 45 ఏళ్ళ తర్వాత ఈ సంగతి పూర్తిగా అర్థమైంది.

ఇది ఒక్క సిడ్నీ కథ కాదు. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో మ్యాక్సీ ఫ్లాట్స్ అని ఒక పాతిపెట్టే చోటు 1963 నుంచి 1977 దాకా నడిచింది, అక్కడా ఇదే, కందకాలు నీళ్ళతో నిండిపోయాయి, ఆ నీళ్ళు తోడి పారెయ్యడానికి, పైన కప్పు వెయ్యడానికి దశాబ్దాలు పట్టింది. న్యూయార్క్ రాష్ట్రంలో వెస్ట్ వ్యాలీలోనూ కందకాల్లో నీళ్ళే. మట్టి గట్టిది, వాన ఎక్కువది అయిన చోటల్లా ఇదే కథ. వాన సంగతి చెప్తున్నాను కాబట్టి ఒకటి, సిడ్నీ వైపు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకి అటూ ఇటూ వాన, మన శ్రీకాకుళానికీ ఇంచుమించు అంతే. తేడా ఏటంటే మనకి అందులో చాలా భాగం నాలుగైదు నెలల్లోనే కురిసేస్తుంది, అదీ తుఫాను వస్తే రెండు రోజుల్లో కుమ్మరించేస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ, ఇక్కడున్న ఎవరికీ మర్చిపోయే రోజులు కావవి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, కొంచెం ఓపిగ్గా వినండి, ఎందుకంటే ఇది మీ ఇంటి బోరు నీళ్ళలోనే ఉంది.

మన వైపు కొన్ని ఊళ్ళలో బోరు కొడితే నీళ్ళు తేటగా వస్తాయి, బిందెలో పట్టి గంట వదిలేస్తే పైన ఎర్రటి తెట్టు కడుతుంది, అన్నం వండితే రంగు మారుతుంది. అవునా కాదా? ఎందుకంటే భూమి లోపల గాలి తగలదు, గాలి లేనప్పుడు ఇనుము నీళ్ళలో కరిగి ఉంటుంది, కంటికి కనపడదు. పైకొచ్చి గాలి తగలగానే తుప్పుగా మారి విడిపోతుంది. సరిగ్గా ఇదే పని ఆ కందకంలో జరుగుతోంది, ఒకసారి కాదు, వాన వచ్చినప్పుడల్లా. లోపల కుళ్ళే చెత్తని బాక్టీరియా తింటుంది, తిన్నప్పుడు ఆక్సిజన్ అంతా వాడేస్తుంది, ఆక్సిజన్ అయిపోయాక ఇనుప తుప్పు మీద పడుతుంది, ఆ తుప్పుని కరిగిస్తుంది. ఆ తుప్పు రేణువుల మీద అంటుకుని ఏముంది? ప్లుటోనియం. తుప్పు కరిగితే అది నీళ్ళలోకి వదులుతుంది. తర్వాత వాన పడుతుంది, వానతో పాటు కొత్త ఆక్సిజన్ వస్తుంది, ఇనుము మళ్ళీ తుప్పుగా మారుతుంది, ప్లుటోనియంని మళ్ళీ పట్టుకుంటుంది. వాన తగ్గితే మళ్ళీ బాక్టీరియా. అంటే ఆ కందకం చచ్చిన గొయ్యి కాదు, ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఉంటుంది. దాని లోపలి సూక్ష్మజీవుల డీఎన్‌ఏ తీసి, వాన ముందు ఏవి ఉన్నాయి, వాన తర్వాత ఏవి పెరిగాయి అని లెక్క కట్టిన పరిశోధన 2017లో వచ్చింది. చదువుతుంటే నాకు రాత్రి నిద్ర పట్టలేదు, భయంతో కాదు, ఆశ్చర్యంతో.

ఇంకోటి కూడా ఉంది. ప్లుటోనియం నీళ్ళలో కరగదు, మట్టికి అంటుకుంటుంది కాబట్టి కదలదు అని పాత పుస్తకాల్లో ఉండేది, నేనూ అలాగే పాఠం చెప్పాను. 2014లో ఆ పేన్ బృందంవాళ్ళు కందకం నీటిని రకరకాల సన్నటి ఫిల్టర్లలోంచి వడకట్టి చూస్తే, నీళ్ళలో ఉన్న ప్లుటోనియంలో నూటికి 97 వంతుల పైన కరిగి లేదు, చాలా చాలా సన్నటి రేణువుల మీద స్వారీ చేస్తూ ఉంది. చెరువు నీళ్ళు ఎంత సేపు నిలబెట్టినా అడుగుకి దిగని బురద రంగు ఉంటుంది చూడండి, మనం చిల్లగింజ అరగదీసి తేర్చేవాళ్ళం, అలాంటి రేణువులు. మట్టికి అంటుకుంది కాబట్టి కదలదు అనే మాటలో, మట్టే కదిలితే? ఆ ప్రశ్న అప్పట్లో అడగలేదు. నేను చెప్పిన పాఠం విన్న పిల్లలు ఇప్పుడు నలభై దాటి ఉంటారు, వాళ్ళలో ఒకరిద్దరు ఇక్కడ ఉన్నారు, అందుకే ఇవాళ సరిచేసి చెప్తున్నాను.

ఆ చెత్తలోనే ఉన్న ట్రిటియం సంగతి వేరు. అది హైడ్రోజన్‌కి అన్నదమ్ముడు, నీటి అణువులోనే దూరిపోతుంది, అంచేత మట్టి దాన్ని పట్టుకోలేదు, నీరు ఎంత జోరుగా పోతే అదీ అంతే. అక్కడ భూగర్భజలంలో ట్రిటియం ఎటు వ్యాపించిందో బోర్లు వేసి ఏళ్ళ తరబడి కొలిచారు. నాలాంటి నూతి మనిషికి ఇది వరం లాంటిది, నీరు ఎటు పోతోందో అదే చెప్పేస్తుంది. దాని అర్ధాయువు 12.3 ఏళ్ళు, అంటే 12 ఏళ్ళ చిల్లరకి సగం తగ్గుతుంది. 1960ల్లో పాతింది ఈపాటికి ఐదుసార్లు సగమైంది, ముప్ఫై రెండో వంతు మిగిలింది. ప్లుటోనియంలో 239 అనే రకమైతే సగం కావడానికి 24 వేల ఏళ్ళు పైనే. ఒకే గొయ్యిలో ఒకటి మన మనవళ్ళ కాలానికి పోతుంది, ఇంకోటి మన భాష పోయినా ఉంటుంది.

(సభలోంచి ఒకాయన: మరి అక్కడి జనానికి ఏటైనా అయిందా మేష్టారూ?)

మంచి ప్రశ్న బాబూ, ఇది అడగకపోతే నేనే చెప్పాలి. కాలేదు. అక్కడ కొలిచిన మోతాదులు చుట్టుపక్కల జనానికి హాని చేసే స్థాయిలో లేవు, ఏటా కొలుస్తారు, ఆ అంకెలు జనం ముందు పెడతారు. కంచె ఉంది, మనుషులు చూసుకుంటున్నారు. నేను మిమ్మల్ని భయపెట్టడానికి రాలేదు. కానీ ఒకటి గమనించండి, అప్పట్లో అది ఊరికి దూరంగా ఉన్న అడివి, ఇవాళ సిడ్నీ కాలనీలు పెరిగి దాని దగ్గరికి వచ్చేశాయి. ఊరు పెరుగుతుంది కదా. మన విజయనగరంలో నా చిన్నప్పుడు ఊరవతల అనుకున్న శ్మశానాలు ఇప్పుడు ఊరి నడిమధ్యలో ఉన్నాయి.

ఇంకో సంగతి, ఆ మట్టిలో దొరికిన ప్లుటోనియం ఆ గొయ్యిలోదే అని ఎలా చెప్పారు? ఎందుకంటే ప్లుటోనియం ప్రపంచంలో ఎక్కడి మట్టిలోనైనా పిసరంత ఉంటుంది, 1945 నుంచి 1980 దాకా ఆకాశంలో పేల్చిన బాంబుల బూడిద అన్ని దేశాల మీదా రాలింది, మన పొలాల మీద కూడా. అంచేత ఉందా లేదా అని కాదు, ఎక్కడిది అని అడగాలి. ప్లుటోనియం 240కీ 239కీ ఉండే నిష్పత్తి చూస్తారు, బాంబు బూడిదలో అది సుమారు 0.18, వేరే చోటి నుంచి వచ్చినదానికి వేరే అంకె ఉంటుంది. వేలిముద్ర లాంటిది. మనకి ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే భీమునిపట్నం నుంచి కళింగపట్నం, భావనపాడు దాకా మన సముద్రపు ఇసకలోనే మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో రేడియోధార్మికమైన థోరియం ఉంది, దేవుడు పెట్టిన రేడియేషన్ అది. రేపు ఎవరో మీటరు పట్టుకొచ్చి బీచిలో టక్ టక్ మనిపించి, చూశారా లీకైపోయింది అంటే నమ్మకండి, అలాగే ఇంకెవరో ఇదంతా ఇసకలోదే, ఎప్పట్నించో ఉన్నదే అంటే అదీ గుడ్డిగా నమ్మకండి. ముందు ఎంత ఉందో కాగితం మీద ఉంటేనే తర్వాత ఎంత పెరిగిందో తేలుతుంది.

కాగితం అన్నాను కాబట్టి, గొయ్యి కంటే ముందు మాయమయ్యేది కాగితమే. ఏ కందకంలో ఏం వేశారు, ఎంత వేశారు అన్నది అరవై ఏళ్ళ తర్వాత చదివేవాడికి అర్థమయ్యేలా రాసి ఉండాలి. పాతిపెట్టేవాడికి అది గుర్తే ఉంటుంది, అందుకని వివరంగా రాయడు. ఇది చిన్న విషయం కాదు, మన దేశంలోనే చూశాం. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురిలో తుక్కు దుకాణంలో ఒక పాత ల్యాబు పరికరాన్ని విప్పారు, లోపల కోబాల్ట్ 60 అనే రేడియోధార్మిక పదార్థం ఉంది, విప్పినవాళ్ళకి ఆ సంగతి తెలీదు. పాతికేళ్ళుగా వాడకం లేక మూలన పడి ఉన్న సామాను అది. ఒక మనిషి చనిపోయాడు, ఇంకొంతమందికి ఒళ్ళు కాలింది. ఆ పరికరంలో ఏముందో గుర్తున్న మనుషులు వెళ్ళిపోయారు, పరికరం ఉండిపోయింది. అంతే జరిగింది అక్కడ.

మన దేశంలో ఇప్పుడు తక్కువ స్థాయి చెత్తని ఉత్త మట్టి కందకాల్లో పడేసి ఊరుకోరు, స్థాయిని బట్టి రాతి కట్టడం కందకాలు, కాంక్రీటు కందకాలు, టైల్ హోల్స్ అని నిలువు గొట్టాల లాంటివి ఉంటాయి, అణు కేంద్రం ఎక్కడుంటే ఆ ఆవరణలోనే. వాటి మీద నిఘా 300 ఏళ్ళు అని లెక్క పెట్టుకుంటారు. 300 ఎందుకంటే సీజియం, స్ట్రాన్షియం లాంటివి దగ్గర దగ్గర 30 ఏళ్ళకి సగం అవుతాయి, పదిసార్లు సగమైతే వెయ్యో వంతు అవుతుంది. లెక్క బాగుంది. కానీ 300 ఏళ్ళు అంటే ఎంతో ఒక్కసారి మనసులో పెట్టుకోండి. బొబ్బిలి యుద్ధం జరిగి ఇంకా 300 ఏళ్ళు కాలేదు, 1757. అప్పట్నించి ఇప్పటిదాకా ఎన్ని రాజ్యాలు మారాయి, ఎన్ని ఆఫీసులు మారాయి, ఎన్ని దస్తావేజులు చెదలు తినేశాయి. అంత కాలం ఒక మనిషి తర్వాత ఒక మనిషి నెలనెలా వెళ్ళి బోరులో నీటిమట్టం కొలిచి రాయాలి.

(ఒక విద్యార్థిని: సార్, కొవ్వాడలో మేము ఏం అడగాలి?)

అమ్మా, అక్కడ 1208 మెగావాట్ల రియాక్టర్లు 6 పెడతామన్నది ప్రతిపాదన. కావాలా వద్దా అనేది మీ ఊళ్ళు, మీ ఇళ్ళు తేల్చుకోవాల్సింది. నేను నీళ్ళ వరకే చెప్తాను. చెత్త ఎక్కడ పెడతారు అని అడుగుతారు అందరూ, అక్కడితో ఆపొద్దు. ఆ చోట ఆశ్వయుజ మాసంలో, వానలు బాగా కురిశాక, నీటిమట్టం ఎన్ని అడుగుల్లో ఉంటుంది? తుఫాను వచ్చిన మర్నాడు ఎన్ని అడుగుల్లో ఉంటుంది? కింద ఇసకా, బంకా, ఏది ఎంత మందం? ఇసకైతే కిందకి దారి, బంకైతే తొట్టి, రెండిటికీ వేరు వేరు జవాబు కావాలి. గెడ్డ, అంటే వాగు, ఎటు పారుతుంది? కప్పు మీద మట్టి కుంగితే ఎవరు, ఎన్నాళ్ళకి ఒకసారి చూస్తారు? ఆ లెక్క తెలుగులో, పంచాయతీ ఆఫీసు గోడ మీద పెడతారా? ఇవి అడగండి. జవాబు చెప్పేవాళ్ళు మంచి ఇంజనీరైతే ఈ ప్రశ్నలకి సంతోషిస్తారు, నాకు తెలిసిన మంచి ఇంజనీర్లు అందరూ అలాంటివాళ్ళే.

కానీ అడగడం కంటే ముందు మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. అక్కడ ఇంకా ఏమీ కట్టలేదు. అంటే ఇప్పుడు కొలిస్తే అది ముందటి లెక్క, తర్వాత ఎంత డబ్బు పెట్టినా దొరకనిది. మీ ఊళ్ళో ఎన్ని నూతులున్నాయి? ఒక్కో నూతికి ఒక నంబరు వెయ్యండి, ఒర మీద రంగుతో ఒక గీత గియ్యండి, ఎప్పుడు కొలిచినా ఆ గీత నుంచే కొలవాలి. నెలకి రెండుసార్లు, అమావాస్యకీ పున్నానికీ పెట్టుకుంటే మర్చిపోరు. టేపు చివర సుద్ద రాయండి, తడిసిన మేర తెలుస్తుంది. తారీకు, అడుగులు, అంగుళాలు, ముందురోజు వాన పడిందా లేదా, ఎవరు కొలిచారు. అంతే. నోటుబుక్కు రెండు కాపీలు రాయండి, ఒకటి కాలేజీలో, ఒకటి ఊళ్ళో. మోటారు వేసి ఉన్నప్పుడు కొలవొద్దు, తప్పు వస్తుంది, వేసినరోజు రాయకుండా వదిలేసినా పరవాలేదు గానీ అంచనాగా మాత్రం రాయొద్దు.

నేను టేపు తెచ్చాను, సుద్ద కూడా ఉంది. ఈ కాలేజీ వెనకాల పాడుబడ్డ నూయి ఒకటి చూశాను వస్తూ వస్తూ, దానికి ఒకటో నంబరు వేద్దాం. ఎవరు వస్తారు నాతో? ముగ్గురు చాలు. చీకటి పడకముందే వెళ్దాం, ఒర కొంచెం విరిగింది, జాగ్రత్తగా నిలబడాలి.